మన్యంలో రుణం, జ్వరం: ఏజెన్సీ ప్రాంతాల ఆర్థికాభివృద్ధి, ఆరోగ్య విధానాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తూర్పు కనుమల మన్యం చరిత్రను సాధారణంగా భూమి, అడవి, తిరుగుబాటు అనే మూడు కోణాల నుంచి రచించడం పరిపాటి. ఆరోగ్యం వైద్యశాఖ నివేదికలకే పరిమితమైపోయింది. అయితే గిరిజన కుటుంబంలో జబ్బు, అప్పు, భూమి కోల్పోవడం వేర్వేరు సంఘటనలు కావు. పాలనా విధానాలు వీటిని విడదీసి చూడడం వల్ల కలిగిన పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వలస పాలన: జ్వరాన్ని చూసిన తీరు

1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం మన్యాలు సాధారణ న్యాయపాలన నుంచి వేరుపడి కలెక్టరు ఏజెంటుగా ఉండే ప్రత్యేక పాలనలోకి వచ్చాయి. 1879లో రంప ఫితూరీని అణచడానికి కొండలెక్కిన దళాలు జ్వరాలతో తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటినుంచి మన్యపు జ్వరం పాలకుల దృష్టిలో ఆ నేల స్వభావంగా, బయటివారికి పొంచి ఉన్న ప్రమాదంగా స్థిరపడింది. అక్కడే పుట్టి పెరిగినవారి బాధగా అది ప్రభుత్వ పత్రాలలో అరుదుగా కనిపిస్తుంది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగును, అటవీ ఫలసాయ సేకరణను కట్టడి చేసింది. తిండికి, చేతి ఖర్చుకు ఆధారమైన అడవి దూరమైన కొద్దీ షావుకారు దగ్గరయ్యాడు. దీనిని గుర్తించి 1917లో తెచ్చిన ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం వడ్డీని ఏడాదికి 24 శాతానికి పరిమితం చేసి, చక్రవడ్డీని నిషేధించింది. ఈ చట్టం అప్పు షరతులను నియంత్రించింది. కాని గిరిజనుడిని అప్పుకు నెట్టిన ఆకలిని, జబ్బును స్పృశించలేదు.

3. స్వాతంత్ర్యానంతర కాలం: రెండు శాఖలు, రెండు దారులు

1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేయడం, నిత్యావసరాలను డిపోల ద్వారా అందించడం చేపట్టింది. 1959 భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించాయి. 1970 సవరణ గిరిజనేతరుల చేతిలోని భూమి గిరిజనులదేనన్న పూర్వభావనతో మొదలై, రుజువు భారాన్ని గిరిజనేతరులపై మోపింది. శ్రీకాకుళ గిరిజనోద్యమం తరువాత ఐదవ పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి.

ఇదే కాలంలో ఆరోగ్యరంగం తనదైన దారిలో సాగింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమాలు ప్రారంభమయ్యాయి. డి.డి.టి. ఇంటి లోపలి గోడలపై చల్లే మందు. పంట కాపలాకు పోడు చేలలోని పాకలలో, మంచెలపై నిద్రించేవారికి ఆ గోడ రక్షణ ఇవ్వలేదు. గోడలను మట్టితో అలికినప్పుడు మందు పూత కిందికి పోయింది. జీవనోపాధి తీరును గమనించని కార్యక్రమానికి కొండలలో ఎదురైన పరిమితి ఇది. 1976 నాటికి దేశంలో మలేరియా కేసులు దాదాపు 64 లక్షలకు చేరి, నిర్మూలన లక్ష్యాన్నే సవరించవలసి వచ్చింది.

వైద్యకేంద్రాల ప్రమాణాలలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాలలో ఈ సంఖ్యలు 3,000, 20,000. సడలింపు మేలైనదే. అయినా అది తలలనే లెక్కించింది, నడకను లెక్కించలేదు. చెదురుమదురు గూడేలలో 3,000 జనాభా అనేక కొండలు, వాగులకు అటూ ఇటూ విస్తరించి ఉంటుంది. వర్షాకాలంలో వాగు పొంగితే రోగిని డోలీలో మోయవలసిందే. మోసేవారి కూలి, దారి ఖర్చు, ప్రైవేటు వైద్యం కలిసి కుటుంబాన్ని తిరిగి అప్పులోకి నెడతాయి. 1970 సవరణ భూమి అమ్మకాన్ని చెల్లదనగలిగింది. కాని అమ్మకానికి లేదా బినామీ కౌలుకు పురిగొల్పే అవసరాన్ని తొలగించలేకపోయింది.

4. ముగింపు

1997 సమతా తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం భూమిపై గిరిజనుల హక్కును బలపరిచాయి. ఆ హక్కు నిలబడాలంటే జబ్బు చేసిన రోజున దానిని తాకట్టు పెట్టవలసిన అగత్యం ఉండకూడదు. ఈ దృష్టితో చూస్తే మన్యంలో ఉపకేంద్రం కేవలం వైద్య సదుపాయం కాదు, భూరక్షణ వ్యవస్థలో అది ఒక భాగం. అందువల్ల ఏజెన్సీ భూచరిత్రను, ఆరోగ్యచరిత్రను ఒకే చరిత్రగా అధ్యయనం చేయవలసిన ఆవశ్యకత ఉంది.