ఏలియన్ స్వార్మ్

గ్రహాంతర జీవుల దండుతో నలుగురు కలిసి తలపడే వ్యూహాత్మక షూటర్ వీడియోగేమ్. దీన్ని మొదట ‘అన్‌రియల్ టోర్నమెంట్ 2004’ ఆటకు మాడ్‌గా (ఉన్న ఆటను మార్చి చేసిన రూపంగా) బ్లాక్ క్యాట్ గేమ్స్ బృందం 2004లో రూపొందించింది. ఆ బృందాన్ని చేర్చుకున్న వాల్వ్ సంస్థ 2010 జులైలో కొత్త రూపంలో, ఉచితంగా విడుదల చేసింది.

ఇందులో ఉత్కంఠ శత్రువుల సంఖ్య వల్ల కాక, ఒకరు లేనిదే మరొకరికి సాగకపోవడం వల్ల పుడుతుంది. రూపకర్తల అసలు ప్రతిభ అదే. తాళం పడిన తలుపును హ్యాక్ చేసేది టెక్ (సాంకేతిక నిపుణుడి) పాత్ర తీసుకున్న ఆటగాడు ఒక్కడే. అతను తెర మీద పజిల్ విప్పుతున్నంతసేపూ మిగతావాళ్లు కాపు కాయాలి. వెనక తలుపుకు వెల్డింగ్ పెడితే కాస్త వ్యవధి దొరుకుతుంది, కానీ పురుగుల్లాంటి ఆ జీవులు దాన్నీ బద్దలుకొట్టి వస్తాయి. కంగారులో పేల్చిన తూటా తోటివాడికి తగిలినా గాయమే. వైద్యం చేసే మెడిక్ పాత్రధారి దగ్గర మందు పరిమితం. తూటాలు నింపేటప్పుడు సరైన క్షణంలో మీట నొక్కితే పని త్వరగా అవుతుంది, తప్పితే ఆలస్యం.

వాల్వ్ మూలసంకేతాన్నీ అందుబాటులో ఉంచడంతో, అభిమానులు 2017లో రియాక్టివ్ డ్రాప్ పేరిట దీన్ని విస్తరించారు.