సముద్రం లేని సీమలో సముద్రాలు

సెలవులొస్తే పిల్లలు సముద్రం చూపించమని జిద్ పడతారు. అనంతపురం నుంచి సాహిల్‌కు పోవాలంటే లంబా సఫర్. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ కరువు నేలలో పాత తరాలు సముద్రమన్న పేరు చెరువులకే పెట్టుకున్నాయి. ఖిల్లా, పక్కనే నీటి ఒడ్డు చూపించాలంటే పెనుకొండ చాలు. కొండమీద కోట, కింద భోగసముద్రం.

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం 14వ సదీ నాటిది. మొదటి బుక్కరాయల దివాన్ చిక్కప్ప ఒడెయరు పండమేరుకు కట్ట వేయించి తవ్వించాడని తారీఖ్. ఒకసారి కట్ట తెగబోతే ఊరికోసం ముసలమ్మ జాన్ ఇచ్చిందని రివాయత్. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం ఆ కథే. బలి మాట మన అకీదాకు ఒప్పదు. కానీ కట్ట తెగితే ఊరే పోతుందన్న ఖౌఫ్ మాత్రం అందులో సచ్.

పెనుకొండ వైభవం పెద్దది. 1565లో రక్కసి తంగడి జంగ్‌లో ఓడాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. గగన్ మహల్, షేర్‌ఖాన్ మసీదు, అన్ని మజహబ్‌ల వాళ్లూ వచ్చే బాబయ్య దర్గా ఇక్కడే ఉన్నాయి. సుల్తానులు పోయారు, రాయలూ పోయారు. కోట గోడలు ఇప్పుడు చూడ్డానికే. చెరువు మాత్రం వానొస్తే ఈనాటికీ పనిచేస్తుంది.

తల్లి ఇంతెకాల్ తర్వాత ఆమె పేరిట ఏ సదఖా మేలని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా అడిగితే, నీళ్లని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారని హదీస్. ఆయన బావి తవ్వించారు. చెరువు ఎవరు తవ్వించినా, దాని నీళ్లు తాగిన మనమీద దాని హక్ ఉంటుంది.

కాబట్టి దర్గాకు జియారత్‌కు వెళ్లినప్పుడు పిల్లలకు కోటతోపాటు కట్ట, తూము, మరువ కూడా చూపించండి. ఫాతెహా అయ్యాక ప్లాస్టిక్ విస్తర్లు ఒడ్డున వదలొద్దు. చెరువు పోరంబోకులో ప్లాటు సస్తాగా వస్తోందంటే ఆశపడొద్దు. ఆ జమీన్ నీళ్లది. అది మన చేతిలో అమానత్.