జ్య జేబైన కథ

తెలుగీకరణ అంటే సరదాపడి ఓసారి నేనూ వేలు పెట్టాను. చేతికిచ్చింది ఒక ఎక్సెల్ షీటు. ఎడమ గడిలో ఇంగ్లీషు ముక్క, కుడి గడి ఖాళీ. 'ఫ్రీ' అని కనపడింది, 'ఉచితం' అని కొట్టేశాను. తీరా బిల్డు వచ్చాక చూస్తే డిస్కులో 'ఉచితం: 12 జీబీ'! రాయాల్సింది 'ఖాళీ' అని. అందరూ నవ్వుకున్నారు లెండి.

ఐతే ఈ విషయంలో నాకన్నా ఘనులు దాదాపు తొమ్మిదొందల ఏళ్ల కిందటే ఉన్నారు.

ఇంటర్లో మనం బట్టీపట్టిన 'సైన్' ఉంది చూశారూ, దాని పేరు మన దగ్గర పుట్టిందే. చాపం విల్లులా ఉంటుంది కాబట్టి దాని రెండు కొసల్నీ కలిపే గీత అల్లెతాడు. సంస్కృతంలో జ్య, లేదా జీవ. లెక్కలకి కావలసింది అందులో సగమే, అంటే అర్ధజ్య. వాడగా వాడగా 'అర్ధ' రాలిపోయి ఉత్త జ్య మిగిలింది. 3 డిగ్రీల 45 నిమిషాలకొకటి చొప్పున 24 జ్యల పట్టిక ఆర్యభటీయంలో (క్రీ.శ. 499) ఉంది.

8వ శతాబ్దంలో ఈ విద్య బాగ్దాదు చేరింది. వాళ్లు 'జీవ'ని అనువదించకుండా 'జీబ' అని అలాగే ఉంచుకున్నారు, మనం బస్సుని బస్సు అన్నట్టు. అరబ్బీ రాతలో పొట్టి అచ్చులు కనపడవు. జీబ్ అన్నా జైబ్ అన్నా కాగితం మీద అవే మూడక్షరాలు: జ, య, బ. లెక్క తెలిసినవాడికి ఎలా చదివినా ఒకటే. కానీ 12వ శతాబ్దంలో లాటినులోకి దింపినవాళ్లు దాన్ని మామూలు అరబ్బీ మాటగా చదివారు. జైబ్ అంటే రొమ్ము దగ్గరి బట్ట మడత. లాటినులో దానికి సరిపోయే మాట 'సైనస్'. అదే మన సైన్! అన్నట్టు, పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకొచ్చిన 'జేబు' కూడా ఈ జైబే.

ఈ ఘనత చాలామంది క్రెమోనా గెరార్డుకి కట్టబెడతారు, కాదు చెస్టర్ రాబర్టుది అనేవాళ్లూ ఉన్నారు. గెరార్డు వచ్చీరాని మనిషేం కాదు, టొలెడోలో కూర్చుని 70కి పైగా అరబ్బీ గ్రంథాలు అనువదించినవాడు.

విచిత్రమేంటంటే, ఇంత జరిగినా లెక్కలు చెడిపోలేదు. మాటతోబాటు పట్టికా, బొమ్మా కూడా ప్రయాణం చేశాయి మరి. పేరు ఏదైతేనేం, అంకెలు చూస్తే అదేంటో తెలిసిపోతుంది.

మాట ఒంటరిగా వెళ్తే? 2006-07లో బెర్లిన్‌లో ఒక ఆసుపత్రికి వచ్చిన కృత్రిమ మోకీళ్ల పెట్టెల మీద ఇంగ్లీషులో 'నాన్-మాడ్యులర్ సిమెంటెడ్' అని ఉంది. అంటే విడిభాగాలుగా రాని, సిమెంటుతో అతికించాల్సిన రకం. వాళ్లకి 'సిమెంటు అక్కర్లేనిది' అని అర్థమైంది. 'నాన్' దేనికి తగిలించాలో అక్కడ తప్పారు. మన భాషలో ఆపరేటర్ ప్రెసిడెన్స్ అన్నమాట. 47 ఆపరేషన్లు సిమెంటు లేకుండానే చేసేశారు. ఇక్కడ పట్టికా లేదు, బొమ్మా లేదు, పెట్టె మీద మూడు మాటలు తప్ప.

ఆ షీటులో మూడో గడి పెట్టమని అడిగాను, ఏ ముక్క ఏ తెర మీద వస్తుందో రాయడానికి. టైము లేదన్నారు.