వాగు దాటిన బండి ఎందుకు కూస్తుంది?

యాక్సిలరేటరు తొక్కేకొద్దీ సన్నగా మొదలై, వేగంతోపాటు పైకి పాకి, కాలు తీయగానే దిగిపోయే ఆ చప్పుడుకు తెలుగులో ఏ మాట వాడాలి? ‘కీచు’ అంటే ఇనుము ఇనుమును గీరినట్టుంటుంది. ‘రొద’ అంటే అన్నీ కలగలిసిన గోల. మా ఖమ్మం వైపు పాత డ్రైవర్లు ‘బండి కూస్తోంది’ అనేవారు. నాకు ఆ మాటే నచ్చింది. ఈ వ్యాసమంతటా దాన్ని కూత అనే అంటాను.

అంబాసిడరుకు కూత పుట్టుకతోనే వచ్చిందని ఒక నమ్మకం ఉండేది. ఆ బండి పట్ల అది అన్యాయమని నా అభిప్రాయం. కనీసం భద్రాచలం అడవి అంచున తిరిగిన బండ్ల విషయంలో, తప్పును కర్మాగారంలో వెతికే ముందు ఒకసారి వాగుల దగ్గరికి వెళ్ళి చూడాలి.

ముందు పళ్ళ సంగతి. తొలినాళ్ళ కార్లలో గేరు పళ్ళు తిన్నగా కోసినవి. పన్ను పన్నును ఒక్కసారిగా తాకుతుంది కాబట్టి అవి మోగక మానవు. పళ్ళను ఏటవాలుగా కోస్తే ఒకటి పూర్తిగా వదలకముందే మరొకటి అందుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. ఇప్పటికీ చాలా కార్లలో రివర్సు గేరు పళ్ళు తిన్ననివే. వెనక్కి తీసేటప్పుడు వినిపించే ‘గీ’ మన తాతల కాలపు మోటారు గొంతు అన్నమాట. వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్ జోడీకి 1913లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ వంపు పళ్ళు వాడింది. 1926లో అదే కంపెనీ హైపాయిడ్ పద్ధతి తెచ్చింది. ఇందులో పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు కాక కాస్త కిందికి దించుతారు. బండి నేల దిగింది, చప్పుడూ తగ్గింది. కానీ దీనికొక వెల ఉంది. హైపాయిడ్ పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా ఒరుసుకుంటూ జారుతాయి కూడా. మామూలు నూనె ఆ ఒత్తిడికి ఆగదు. అందుకే తొంభై నంబరు ఈపీ ఆయిలు కావలసి వచ్చింది. 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాగా పుట్టి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు ఇరుసు ఈ రకానిదే.

ఇప్పుడు దారి సంగతి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. గోదావరి అవతలి భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిసింది. నది మీద వంతెన 1965లో గాని ప్రారంభం కాలేదు. అంతకుముందు రాముడి దర్శనానికి పడవే దిక్కు. వంతెన వచ్చాక కొత్తగూడెం, పాల్వంచ, సారపాకల మీదుగా కార్లు నేరుగా గుడి దాకా వెళ్ళాయి. కానీ దాటింది పెద్ద నదిని మాత్రమే. అవతల చర్ల, చింతూరు, కూనవరం దారుల్లో చిన్న వాగులు చాలాకాలం చప్టాల మీదుగానో, ఉత్త ఇసుకలోనో దాటవలసినవే.

ఇరుసు పెట్టెకు గాలి పోయే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. ముప్ఫై మైళ్ళు పరుగెత్తి కాలిన ఇరుసు చల్లని వాగునీటిలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, ఆ రంధ్రం గుండానో అరిగిన సీలు గుండానో నీటిని పీల్చుకుంటుంది. ఆ రోజు ఏమీ కాదు. నీరు కలిసిన ఆయిలు పళ్ళ మధ్య పొర నిలపలేదు, బేరింగులు తుప్పు పడతాయి. కొన్ని వారాల తరువాత కూత మొదలవుతుంది. అప్పటికి వాగు సంగతి ఎవరికీ గుర్తుండదు, అపవాదు మాత్రం బండికి మిగులుతుంది.

కూత ఎక్కడిదో తేల్చడానికి ఆనాటి డ్రైవర్లకు చెవులు చాలు. ఆగిన బండిలో, న్యూట్రల్‌లో ఇంజను వేగం పెంచితే కూసిందా, డైనమో బేరింగునో బెల్టునో అనుమానించాలి. లేదంటే కదిలించి గేర్లు మార్చి చూడాలి. అంబాసిడరు టాప్ గేరులో శక్తి గేరు పెట్టెలోని పక్క షాఫ్టు మీద భారం వేయకుండా తిన్నగా వెనక్కి పోతుంది. కనుక రెండు, మూడు గేర్లలో కూసి టాప్‌లో మానితే దోషం గేరు పెట్టెది. టాప్‌లోనూ కూస్తే ఇరుసుది. మలుపులో బరువు అటూ ఇటూ మారగానే గొంతు మారితే చక్రం బేరింగుది. తొక్కినప్పుడు పంటికి ఒక ముఖం, వదిలినప్పుడు రెండో ముఖం భారం మోస్తాయి కాబట్టి, కూత ఎప్పుడు వస్తుందో వింటే అరిగిన ముఖమేదో కూడా తెలుస్తుంది. పాత జీపుకు ఈ పరీక్ష పూర్తిగా పనికిరాదు. దాని ట్రాన్స్‌ఫర్ కేసులోని గేర్లు ఏ గేరులోనైనా పని చేస్తూ ఉంటాయి.

ఇదంతా కాలక్షేపం కాదు. పినియన్ బేరింగు పట్టేస్తే వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోగలవు. అది మారేడుమిల్లి ఘాటు దిగేటప్పుడు జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మరమ్మతు ఆయిలు మర తిప్పడంతో మొదలవుతుంది. వేలు పెడితే ఆయిలు అంచుదాకా తగలాలి. పాలకాఫీ రంగులో ఉంటే నీరు చేరింది. మెరిసే రజను ఉంటే పళ్ళో బేరింగో పోతున్నాయి. కొత్త ఆయిలుతోనూ కూత పోకపోతే ఇరుసు విప్పవలసిందే. క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి నూరి జతగా అమ్మేవి. జతనే మార్చాలి. నేనెరిగిన ఒక ట్యాక్సీ యజమాని డబ్బు కలిసొస్తుందని పినియన్ ఒక్కటే మార్పించాడు. కూత పోలేదు సరికదా, శ్రీరామనవమి కిరాయిల ముందు రెండూ కొనవలసి వచ్చింది.

బిగించేటప్పుడు చేసే పరీక్ష నాకు మరీ ఇష్టం. సింధూరాన్ని నూనెలో కలిపి క్రౌన్ పళ్ళకు పూసి చేత్తో తిప్పుతారు. పినియన్ ఆనిన చోట రంగు చెరిగి ముద్ర పడుతుంది. అది పంటి నడుమ పడాలి. పక్కకు పోతే పల్చని షిమ్ములు వేసో తీసో సరిచేస్తారు. దారిపొడుగునా ఆంజనేయులకు పూసే సింధూరమూ సంప్రదాయంగా ఈ సీసపు ఆక్సైడే. విషపదార్థం, చేతులు బాగా కడుక్కోవాలి.

1983లో మారుతి 800 వచ్చాక ముందు చక్రాలే బండిని లాగాయి. వెనక హైపాయిడ్ ఇరుసు అవసరం లేకుండా పోయింది. కూత వాగునీటికి దూరంగా ముందరి గేరు పెట్టెలోకి మారింది. ఇప్పుడు విద్యుత్ కార్లలో ఇంజను చప్పుడు లేదు, మోటారు వేగాన్ని తగ్గించే గేర్లు మాత్రం ఉన్నాయి. కప్పిపెట్టే గోల ఏదీ లేకపోవడంతో తొక్కగానే ఆ సన్నని కూత మళ్ళీ చెవిన పడుతోంది.