గొంగడి పాట గద్దెనెక్కిన తొవ్వ

పోస్టు జెర పెద్దగుంది, ఓపికతో చదవుండ్రి.

మొన్న మా హాస్టల్ ఫంక్షన్‌ల డీజే మీద గద్దర్ పాట పెట్టిన్రు. అందరం మస్తు ఎగిరినం. వీడియో ఇంటికి పంపితే మా బాపు ఫోన్ చేసి ఒక్కటే మాటన్నడు: "మా చిన్నప్పుడు ఆ పాట పాడాలంటే ముందుగాల తలుపేసెటోళ్లం రా." అప్పటిసంది ఆ మాటే మనసుల తిరుగుతున్నది.

ముచ్చట నల్లగొండల మొదలైతది. 1946 నుంచి 1951 దాక నడిచిన సాయుధ పోరాటంల, చదువురాని జనానికి పాటనే పత్రిక. సుద్దాల హనుమంతు బుర్రకథ, గొల్లసుద్దులు వంటి ఊరి కళలనే పట్టుకొని వెట్టి మీద, దొరల మీద పాట కట్టిండు. జీతమున్న పసిపిల్లగాని గోస మీద ఆయన పాట ఉన్నది. బండి యాదగిరి పాట నైజాం రాజ్యాన్నే నిలదీసింది. మన లంబాడ బిడ్డ జాటోత్ ఠానునాయక్ ప్రాణమిచ్చింది గూడ ఆ పోరాటంలనే.

ఆ ఇద్దరి పాటలు 1979 నాటి 'మా భూమి' సినిమాలకు వచ్చినయి. యాదగిరి పాటను గద్దరే తెర మీద కనబడి పాడిండు. ఒకప్పుడు దొరకు భయపడుకుంట విన్న పాటను జనం టికెట్టు కొని విన్నరు. తర్వాత హనుమంతు కొడుకు అశోక్ తేజ సినిమా కవి అయిండు. 2003ల వచ్చిన 'ఠాగూర్' పాటకు జాతీయ అవార్డు తెచ్చిండు.

గద్దర్ తొవ్వ ఇంకా వంకరలు తిరిగింది. 1972ల జననాట్యమండలి, ఆ తర్వాత అజ్ఞాతం, 1990ల హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంల జనసముద్రం. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగినయి. 2023 ఆగస్టుల చనిపోతే సర్కారు లాంఛనాలతో సాగనంపింది. ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులు ఆయన పేరు మీదనే ఇస్తున్నరు.

పాలమూరుల గోరటి వెంకన్న. పల్లెల వృత్తులు కూలిపోతున్న దుఃఖాన్ని పాడిండు. 2002ల 'కుబుసం' సినిమాతోని ఆ పాట ఊరూరికి పోయింది. 2020ల ఎమ్మెల్సీ, 2021కి సాహిత్య అకాడమీ అవార్డు. అందెశ్రీ పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది.

అందరికీ ఈ రోజు దక్కలే. భువనగిరి బెల్లి లలితను 1999ల ముక్కలు చేసి చంపిన్రు. ఆమె పాటకు వయసు పెరిగింది గని ఆమెకు పెరగలే.

ఎట్ల మారింది ఇదంత? నాకర్థమైంది చెప్త. రాత్రి సభలల్ల నేల మీద కూసోని విన్న పోరగాళ్లు పెద్దగై సార్లయిన్రు, వకీళ్లయిన్రు, నాయకులైన్రు. 2002 నుంచి ధూంధాంలు వాళ్లందరినీ ఒక్క స్టేజీ కింద చేర్చినయి. 2014ల రాష్ట్రమొచ్చింది. విన్నోళ్ల చేతికే మైకు, కుర్చీ రెండూ వచ్చినయి. సాంస్కృతిక సారథి పెట్టి కళాకారులకు కొలువులిచ్చిన్రు, పథకాల మీద పాటలు పాడిచ్చిన్రు.

దీన్ని అమ్ముడుపోవుడు అనెటోళ్లున్నరు. నేననను. ఆకలితోని పాడినోని ఇంట్ల పొయ్యి వెలిగితే తప్పేంది? సినిమాలకు రాకపోతే హనుమంతు పాట నాకు తెలిసేదే కాదు. గని ప్రశ్న అడిగిన పాట ఇప్పుడు జవాబు చెప్పేటోని స్టేజీ మీద ఉన్నది. అక్కడికెళ్లి మళ్ల ప్రశ్న అడుగుడు కష్టం. అడిగే పాట కొత్తగ కింది నుంచే రావాలె.

మరి మన పాటలేవి? తండాల యాడి తీజ్ పండుగకు పాడేటియి, నాట్లేసుకుంట పాడేటియి, వలసపోయినప్పుడు ఏడ్చుకుంట పాడేటియి... స్టేజీ ఎక్కుడు తర్వాత, కాయితం మీదికే ఎక్కలే. గోర్ బోలీకి సొంత లిపి లేదు, అయితేంది, తెలుగు అక్షరాలల్ల రాద్దాం. చెంచు తమ్ముళ్లు, మీ పెంటలల్ల పాటలు గూడ.

ఈ సెలవులకు ఇంటికి పోయినోళ్లు ఒక్కొక్క పాట అడిగి రాసుకరాండ్రి. ఎవరు పాడిన్రో, ఏ పనికాడ పాడిన్రో గూడ రాయుండ్రి. మొదటిది మా యాడిది, నేనే పెడత.