ఇంగ్లీషు వాక్యంలో ఏది ముందు?

కర్త, క్రియ, కర్మ అన్న వరుస ఇంగ్లీషులో మొదట్నుంచీ ఇంత బిగుసుకుని లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ‘రాజు’ కర్త అయితే ‘సె క్యునింగ్’, కర్మ అయితే ‘థోనె క్యునింగ్’. ముందున్న చిన్న పదం రూపాన్ని బట్టే ఎవరేమిటో తెలిసేది కాబట్టి, రాజును ముందుకో వెనక్కో జరిపినా అర్థం తారుమారయ్యేది కాదు. ఈ రూపాలు అరిగిపోవడం 1066లో నార్మన్లు ఇంగ్లండుకు రాకముందే మొదలైంది. 1154 దాకా సాగిన పీటర్‌బరో వృత్తాంతంలో ఆ అరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పే భారం చాలావరకు పదాల వరుస మీదే పడింది. ఇంగ్లీషు వాక్యం సుళువుగానో కష్టంగానో అర్థమవడానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వరుసకు వ్యాకరణం పని అప్పజెప్పాక, తెలిసిన సంగతిని ముందు పెట్టి కొత్తదాన్ని తర్వాత చెప్పే స్వేచ్ఛ తగ్గిపోయింది.

పదాలను అటూ ఇటూ జరపగల లాటిన్ చదువు ఆ స్వేచ్ఛ మీద మోజును నిలిపి ఉంచింది. 1667లో వచ్చిన మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’ తొలి వాక్యంలో ప్రధాన క్రియ ఆరో పాదంలో గానీ రాదు. పద్యంలో ఆ నిరీక్షణ గాంభీర్యాన్నిస్తుంది. వచనంలో పాఠకుణ్ణి అలసగొడుతుంది. తెలుగులో క్రియ సాధారణంగా చివరే కదా, మనకు లేని కష్టం వాళ్లకెందుకని అడగవచ్చు. తెలుగులో నామవాచకం చాలావరకు తన విభక్తితో, తానెవరో చెప్పుకుంటూ వస్తుంది. ఇంగ్లీషు నామవాచకాలకు ఆ ఆసరా లేదు. క్రియ దొరికేదాకా వాటి సంబంధం తేలదు.

తెలిసినది ముందు, కొత్తది తర్వాత అన్న క్రమాన్ని భాషా పండితుడు ఆన్రీ వెయిల్ 1844లోనే చర్చించాడు. ప్రాగ్ పండితుడు మతేసియస్ దాన్ని సిద్ధాంతంగా పెంచాడు. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హావిలండ్, క్లార్క్ దాన్ని ప్రయోగంలో పరీక్షించారు. ముందు వాక్యంలో బీరు పేరెత్తి, తర్వాత అది వెచ్చగా ఉందంటే పాఠకులు చప్పున గ్రహించారు. పిక్నిక్ సామాను అని మాత్రమే చెప్పి బీరు ఊసెత్తితే ఎక్కువసేపు పట్టింది. సందర్భాన్ని బట్టి పాఠకుడే ఊహించుకుంటాడు కదా అనేవారికి ఇదే జవాబు: ఊహించుకుంటాడు, కానీ ఆ ఊహకు సమయం ఖర్చవుతుంది.

కర్మణి ప్రయోగాన్ని వీలైనంత మానమని ఇంగ్లీషు రచయిత ఆర్వెల్ 1946లో చెప్పిన సలహా ఇక్కడే తడబడుతుంది. బాధ్యుల పేర్లు దాచే సర్కారీ వచనం మీద ఆయన కోపం న్యాయమైనదే. కానీ పెన్సిలిన్ గురించి చెబుతూ, దాన్ని 1928లో కనుగొన్నది ఫ్లెమింగ్ అనాలనుకోండి. తెలుగులో ‘పెన్సిలిన్‌ను’ అని ముందు పెడితే చాలు, క్రియను మార్చనక్కర్లేదు. ఇంగ్లీషులో పెన్సిలిన్‌ను సహజంగా ముందుకు తేవడానికి అన్నిటికన్నా దగ్గరి దారి కర్మణి ప్రయోగమే.