పళ్ళ గార తీయడానికి ఎంత చదవాలి? గ్యారేజీలో మొదలైన ఒక చదువు కథ

ఈసారి కథ మా పెద్దమ్మ కూతురి దగ్గర మొదలుపెడతాను. అక్క ఇక్కడే బీడీఎస్ చదివింది. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. పెళ్ళయ్యాక ఫ్లోరిడా వెళ్ళింది, ఇప్పుడు అక్కడ డెంటల్ హైజీనిస్ట్‌గా చేస్తోంది. మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అరుగు మీద కూర్చున్న మా బాబాయి ఒకాయన, "ఇక్కడ డాక్టరు చదువు చదివి అక్కడికెళ్ళి పళ్ళు కడుగుతోందట కదా" అన్నాడు. అక్క నవ్వేసి, ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మర్చిపోయిందేమో గానీ నేను మర్చిపోలేదు. అసలు ఈ "పళ్ళు కడిగే పని" ఎక్కడ పుట్టింది, దానికి ఎంత చదవాలి, ఎవరు చదవొచ్చు అని ఎవరు నిర్ణయించారు? వెతకడం మొదలుపెడితే రెండు వారాలు పట్టింది.

కథ అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో మొదలవుతుంది. అక్కడ ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అని ఒక పళ్ళ డాక్టరు. వాళ్ళ నాన్న కూడా పళ్ళ డాక్టరే, ఆ ఊరికి మేయర్‌గా కూడా చేశాడు. ఆ రోజుల్లో పళ్ళ వైద్యం అంటే పుచ్చిన పన్నుకి సిమెంటు పెట్టడం, లేదా పీకేయడం, అంతే. ఫిలడెల్ఫియాలో డీ.డీ. స్మిత్ అనే డాక్టరు మాత్రం వేరే మాట చెబుతున్నాడు. పళ్ళ మీద పాచి, గార క్రమం తప్పకుండా తీసేస్తూ ఉంటే ఆ పుచ్చడమే తగ్గుతుంది కదా అని. ఫోన్స్‌కి ఈ మాట బాగా ఎక్కింది. తన పేషెంట్లకి చేసి చూశాడు, ఫలితం కనిపించింది. కానీ ఒక్కొక్కరి నోరు శుభ్రం చేయడానికి బోలెడు టైం పడుతుంది. డాక్టరు అదే పనిలో కూర్చుంటే మిగతా వైద్యం ఎవరు చేస్తారు?

అప్పుడు ఆయన 1906లో తన క్లినిక్‌లో అసిస్టెంట్‌గా ఉన్న ఐరీన్ న్యూమన్‌కి ఈ పని నేర్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయనకి కజిన్ అవుతుంది. ముందు పీకేసిన పళ్ళ మీద గీకించాడు. చేయి కుదిరాక పేషెంట్ల దగ్గరికి పంపాడు. ఆవిడకి ముందు ఏ సర్టిఫికెట్టూ లేదు. ఒక డాక్టరు నమ్మకం, ఆవిడ చేతి ఓపిక, అంతే.

ఒకరికి నేర్పితే అది ఆ ఇంటి విద్య అవుతుంది. వంద మందికి నేర్పాలంటే బడి కావాలి, ఎవరిని చేర్చుకోవాలో రూల్ కావాలి, బయటికొచ్చాక పని చేసుకోనిచ్చే చట్టం కావాలి. ఈ మూడోది లేకపోతే ఏమవుతుందో ఫోన్స్ కళ్ళ ముందే ఉంది. ఒహాయోలో, సిన్సినాటి డెంటల్ కాలేజీలో 1910లోనే డెంటల్ నర్సుల కోర్సు ఒకటి పెట్టారు. చదువుకున్నవాళ్ళు బయటికొచ్చారు. అక్కడి పళ్ళ డాక్టర్లు ఒప్పుకోలేదు, పని చేయనివ్వలేదు. 1914కల్లా కోర్సు మూతపడింది. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే తట్టిన పోలిక: కోడ్ అంతా రాసి పెట్టారు, ప్రొడక్షన్‌లో పర్మిషన్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఫోన్స్ బడి 1913 నవంబర్ 17న మొదలైంది. ఎక్కడో తెలుసా? ఆయన క్లినిక్‌ని ఆనుకుని ఉన్న గ్యారేజీలో. కానీ పాఠాలు చెప్పడానికి హార్వర్డ్, యేల్, కొలంబియాల నుంచి ప్రొఫెసర్లని రప్పించాడు. శరీర నిర్మాణం, శరీరం పనిచేసే తీరు, బ్యాక్టీరియా, చిగుళ్ళ వాపు. నాకు ఇక్కడే బాబాయి గుర్తొచ్చాడు. పళ్ళు తోమడానికి బ్యాక్టీరియాలజీ ఎందుకండీ? ఎందుకంటే గార కనిపించే పన్ను మీదే ఉండదు, చిగురు అంచు కింద కూడా దాక్కుని ఉంటుంది. పదునైన పనిముట్టు అక్కడికి వెళ్తుంది. రక్తం వస్తుంది. ఏది మామూలు చిగురు, ఏది జబ్బు పడిన చిగురు, ఎక్కడ చేయి ఆపి డాక్టర్ని పిలవాలి, ఇవన్నీ తెలియాలి.

ఎవరు చేరారంటే స్కూలు టీచర్లు, శిక్షణ పొందిన నర్సులు, డెంటల్ అసిస్టెంట్లు, కొందరు పళ్ళ డాక్టర్ల భార్యలు. అందరూ ఆడవాళ్ళే. అది అనుకోకుండా జరిగింది కాదు. ఫోన్స్ లెక్క ఏమిటంటే, మగవాడైతే ఈ ఒక్క పనితో సరిపెట్టుకోడు, రేపు పన్ను పీకుతానంటాడు, ఎల్లుండి బోర్డు పెడతాడు. ఆడవాళ్ళైతే ఇచ్చిన హద్దులో ఉంటారు. అంటే మొట్టమొదటి అడ్మిషన్ రూల్‌లోనే జీతం, హోదా, ఎదిగే దారి మూడూ కలిపి రాసేశారన్నమాట. మంచి మనిషే, గొప్ప పనే చేశాడు, కాదనను. కానీ ఈ లెక్క మాత్రం నాకు మింగుడు పడలేదు.

పేరు విషయంలో మాత్రం ఆయనకి మార్కులేయాలి. అప్పటికి అందరూ "డెంటల్ నర్స్" అంటున్నారు. నర్స్ అంటే రోగం గుర్తొస్తుంది, మనం చేసేది రోగం రాకుండా చూడడం కదా అని "డెంటల్ హైజీనిస్ట్" అన్నాడు.

1914 జూన్ 5న 27 మంది పట్టా తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది బ్రిడ్జ్‌పోర్ట్ స్కూళ్ళలోకి వెళ్ళారు. చిన్న క్లాసుల పిల్లల పళ్ళు శుభ్రం చేయడం, క్లాసులో అందరినీ నిలబెట్టి బ్రష్ ఎలా పట్టుకోవాలో డ్రిల్లు చేయించడం. ఫ్యాక్టరీ కూలీల పిల్లలు వాళ్ళు, చాలామంది నోట్లోకి అంతకుముందు ఎవరూ తొంగిచూసి ఉండరు. ఆ గ్యారేజీ బడి మూడు బ్యాచ్‌లు నడిచి 97 మందిని తయారుచేసింది. ఆ పాఠాలన్నీ కలిపి 1916లో పుస్తకంగా కూడా వచ్చాయి. ఆ ఏడాదే న్యూయార్క్, బోస్టన్ లాంటి చోట్ల బళ్ళు మొదలయ్యాయి కాబట్టి గ్యారేజీ అవసరం తీరింది.

ఈలోగా 1915లో కనెక్టికట్ చట్టం మార్చారు. హైజీనిస్ట్ ఏం చేయొచ్చో అందులో గీత గీసినట్టు ఉంది. పళ్ళ పైకి కనిపించే భాగం మీదా, చిగురు అంచుకి సరిగ్గా కిందా ఉన్న గార, మరకలు తీయొచ్చు. జబ్బు పడిన భాగాన్ని ముట్టుకోకూడదు. పనిచేసేది లైసెన్సున్న డాక్టరు క్లినిక్‌లోనో, ఏదైనా సంస్థలోనో. 1917లో ఐరీన్ న్యూమన్‌కి లైసెన్స్ వచ్చింది, ప్రపంచంలో హైజీనిస్ట్‌గా మొదటి లైసెన్స్ అదే. పీకేసిన పళ్ళ మీద గీకడం మొదలుపెట్టిన పదకొండేళ్ళకి.

ఆ తర్వాత చదువు పెరుగుతూ పోయింది. 1923లో వాళ్ళ జాతీయ సంఘం ఏర్పడింది. 1947లో గుర్తింపు కావాలంటే కనీసం రెండేళ్ళ కోర్సు ఉండాలన్నారు. 1962లో జాతీయ స్థాయి పరీక్ష వచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో గుర్తింపున్న కాలేజీలో అసోసియేట్ డిగ్రీ, దానిలో చేరాలంటే ముందే అనాటమీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి సబ్జెక్టులు, చివర్లో రాత పరీక్ష, క్లినికల్ పరీక్ష, ఆపైన రాష్ట్రం లైసెన్స్. అన్నీ కలిపి మూడేళ్ళకి తక్కువ పట్టదు. అలబామాలో మాత్రం డాక్టరు దగ్గర పనిచేస్తూ నేర్చుకునే దారి ఇంకా ఉంది, ఐరీన్ న్యూమన్ దారే అనుకోండి. కొలరాడోలో అయితే 1980ల నుంచీ డాక్టరు పర్యవేక్షణ లేకుండా హైజీనిస్ట్ సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. ఫోన్స్ ఏ బోర్డుకి భయపడ్డాడో ఆ బోర్డు ఆడవాళ్ళే పెట్టారు!

మరి మన దగ్గర? ఈ పేరు మన చట్టంలో 1948 నుంచే ఉందంటే నమ్ముతారా? ఆ ఏడాది వచ్చిన డెంటిస్ట్స్ యాక్ట్‌లోనే డెంటల్ హైజీనిస్ట్ అంటే ఎవరో రాశారు. డెంటిస్టూ మెడికల్ డాక్టరూ కాకుండా, పళ్ళ గార తీసి, శుభ్రం చేసి, మెరుగు పెట్టే మనిషి, లేదా నోటి శుభ్రత గురించి నేర్పే మనిషి. వాళ్ళకి వేరే రిజిస్టరు కూడా. ఇంటర్ బైపీసీ పాసైనవాళ్ళు చేరొచ్చు, కోర్సు రెండేళ్ళు. మన జూనియర్ కాలేజీల గేటు ముందు నిలబడి బైపీసీ పిల్లల్ని అడగండి, ఎంబీబీఎస్, బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ చెబుతారు. ఇది ఎవరి నోటా రాదు. కారణం నాకు తోచింది చెబుతాను. బీడీఎస్ చేసినవాళ్ళే ఉద్యోగాల్లేక పెద్ద క్లినిక్కుల్లో రోజంతా స్కేలింగ్ చేస్తుంటే, విడిగా హైజీనిస్ట్‌ని ఎవరు పెట్టుకుంటారు? 2023లో పాత చట్టం స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం వచ్చింది. గేటు ముందు పిల్లల జవాబు మాత్రం మారలేదు.

ఇక అక్క సంగతి. మన బీడీఎస్‌తో అమెరికాలో నేరుగా డెంటిస్ట్ అవలేరు. సాధారణంగా మళ్ళీ రెండు మూడేళ్ళు అక్కడి డెంటల్ కాలేజీలో చదవాలి, ఫీజు వింటే కళ్ళు తిరుగుతాయి. ఫ్లోరిడా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: బయటి దేశంలో డెంటల్ డిగ్రీ చేసినవాళ్ళు హైజీనిస్ట్ లైసెన్స్ పరీక్షలకి కూర్చోవచ్చు. అక్క సర్టిఫికెట్లు పంపి, నేషనల్ బోర్డు, క్లినికల్, అక్కడి చట్టాల పరీక్ష, మూడూ రాసింది. చంకలో పిల్లాడితో.

మొన్న భోగి మర్నాడు పొద్దున నేను కెమెరా సర్దుకుంటుంటే బాబాయే వచ్చాడు, చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని. అక్క ఆయన్ని పెరట్లో వేపచెట్టు పక్కన ఎండకి ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరవమని, నా ఫోన్ టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది. గార గురించి ఏమీ అనలేదు. "బాబాయ్, షుగర్ టెస్ట్ ఎప్పుడు చేయించావు?" అని అడిగింది.

రెండేళ్ళయిందన్నాడు. ఆ సాయంత్రమే బండి మీద నేనే ల్యాబ్‌కి తీసుకెళ్ళాను.